సేద్యం నేర్చుకుంటానంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు

ప్రశ్న

అనంతపురం జిల్లాలోని ఒక పల్లె నుంచి 33 ఏళ్ళ సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం కాబట్టి కుదించి ఇస్తున్నాను.

ఆమె తొమ్మిదో తరగతి దాకా చదివారు. ఇంటికి 3 ఎకరాల ఎర్రనేల ఉంది. బోరు వేసిన రెండేళ్ళకే ఎండిపోవడంతో అంతా వాన మీదే ఆధారం. భర్త బెంగళూరులో బేల్దారి పని చేస్తూ పండగలకు వస్తారు. ఇంట్లో అత్తామామలు, ఇద్దరు పిల్లలు, ఒక ఆవు. పాసుపుస్తకం మామ పేరు మీద ఉంది. విత్తనం వేయడం దగ్గర్నుంచి కాయ వొలిచేదాకా పనంతా ఆమె చేతుల మీదే నడుస్తుంది. ఏం వేయాలి, ఏ మందు కొట్టాలి అన్నది మాత్రం మామ, మండలంలోని మందులంగడి ఆయన కలిసి తేలుస్తారు.

"పోయిన ముంగారులో శెనక్కాయ నెలన్నర పైరుగా ఉన్నప్పుడు కొసలు మాడిపోతా వచ్చినాయి. మా మామ ఒక కొమ్మ తుంచుకుని అంగడికి పోయినాడు. మూడు సీసాలు ఇచ్చినారు. పది రోజుల్లో మూడుసార్లు కొట్టినాం. ఏమీ తగ్గలేదు. నేను ఒక మొక్కను పీకి కాడ చీల్చి చూస్తే లోపల నల్లగా ఉంది. ఆ తర్వాత రైతు సేవా కేంద్రం అమ్మాయి వచ్చి, ఇది వైరస్, వచ్చినాక ఏం కొట్టినా దండగే అనింది. విత్తనం, ఎరువు, మందులు కలిపి అంగడిలో 46,000 బాకీ పడినాం. పండిన కాస్త కాయ కూడా వాళ్ళకే తోలాల్సి వచ్చింది."

కృషి విజ్ఞాన కేంద్రంలో ఐదు రోజుల శిక్షణ ఉందని పొదుపు సంఘం లీడరు చెబితే ఆమె పేరు ఇచ్చారు. మామ వినగానే, "నలభై ఏండ్ల నుంచి చేస్తాండా, నువ్వు పొయ్యి సదువుకోనొచ్చి నాకు నేర్పుతావా?" అన్నారట. భర్త ఫోన్లో, "నాయనకు ఎదురు చెప్పొద్దు, రెండేండ్లు చూసి అందరం ఈడికే వచ్చేద్దాం" అన్నారు. రాత్రిళ్ళు వీడియోలు చూస్తుంటే ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటున్నారు. ఇటు ప్రకృతి వ్యవసాయం వాళ్ళేమో ఊళ్ళో కార్యకర్తగా చేరమంటున్నారు. "అక్కా, నాలాంటిదానికి నేర్పే చోటు ఉందా? మామ మాట కాదని పోవాల్నా? లేకపోతే చేను వదిలేసి బెంగళూరుకు పోవడమే మేలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని అడుగుతున్నారు.

జవాబు

చెల్లెమ్మా, మీ ఉత్తరం చదువుతూ, మొక్కను పీకి కాడ చీల్చి చూశానన్న చోట ఆగిపోయాను. తెగులు తెలిసినవాళ్ళు చేనులో దిగగానే చేసేది ఆ పనే. ఎవరూ నేర్పకుండా మీరు చేశారు. నేర్చుకోవడం మీకు ఇవాళ కొత్తగా మొదలవ్వాల్సింది కాదు, మొదలైపోయింది. ఇక ఎవరి దగ్గర, ఎంత ఖర్చుతో, ఇంట్లో ఎంత గొడవతో అన్నవే తేలాలి.

ముందు ఆ తెగులు సంగతి చెప్పనివ్వండి, మిగతా జవాబు దాంట్లోనే ఉంది. మొక్కను చూడకుండా ఇదే అని నేను తేల్చలేను గానీ, మీరు రాసిన గుర్తులు కాండం కుళ్ళు వైరస్‌కు బాగా దగ్గరగా ఉన్నాయి. మీ జిల్లాకు అది కొత్త కాదు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం వేరుశనగలో 2 లక్షల హెక్టార్లకు పైగా దాని బారిన పడ్డాయి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. మీ మామగారికి ఆ ఏడు గుర్తుండే ఉంటుంది, ఒకసారి అడిగి చూడండి. ఆ తర్వాత శాస్త్రవేత్తలు వెతికితే తేలిందేమిటంటే, ఈ వైరస్ గట్ల మీద, బీళ్ళలో తెల్లగా పూసే వయ్యారిభామ మొక్కలో దాక్కుంటుంది. దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుని వేరుశనగ మీదకు వస్తుంది. పురుగు ఆకును గీకినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. పోయాక ఆ మొక్కను ఏ సీసా బతికించలేదు.

కాబట్టి చేయాల్సిందంతా ముందే చేయాలి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలి. విత్తనశుద్ధి, అంటే విత్తేముందు గింజలకు మందు పట్టించడం, చేయాలి. చేనులో సందులు పడకుండా మొక్కలు ఒత్తుగా ఉండేలా చూసుకోవాలి. చుట్టూ కొన్ని సాళ్ళు జొన్న గానీ సజ్జ గానీ వేస్తే, ఎగిరొచ్చే పురుగులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఇందులో డబ్బు పడేది విత్తనశుద్ధికి, గుప్పెడు జొన్నలకు. మిగిలిందంతా మీ రెండు చేతుల పని. ఈ జవాబు అంగడిలో దొరకకపోవడానికి కారణం, ఇందులో వాళ్ళు అమ్ముకోవడానికి పెద్దగా ఏమీ లేకపోవడమే. అంగడి ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. ఎరువులూ మందులూ అమ్మేవాళ్ళకు పంటల గురించి ఏడాది డిప్లొమా నేర్పే పథకాన్ని హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లోనే మొదలుపెట్టింది, అది చదివి బాగా సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. కానీ సలహా ఇచ్చేదీ, సరుకు అమ్మేదీ, అప్పు పెట్టేదీ, పంట కొనేదీ ఒకే మనిషి అయినప్పుడు మీ ఇంటికి రెండో మాట వినే వీలే ఉండదు. మీ మామగారి మొండితనం కన్నా నాకు ఇదే ఎక్కువ భయంగా ఉంది.

ఇక నేర్చుకునే చోట్ల గురించి. అన్నిటికన్నా దగ్గర్లో ఉన్నది, వైరస్ అని చెప్పిన ఆ అమ్మాయే. 2020 మేలో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా పేరు మారిన వాటిలో వ్యవసాయ సహాయకులు ఉంటారు. పోయినేడు ఆమె మీ చేనుకు వచ్చేసరికి మూడుసార్లు మందు కొట్టేసి ఉన్నారు. ఆమె ఫోన్ నంబరు రాసుకోండి. ఈసారి మొదటి మచ్చ కనిపించిన రోజే పిలవండి. ఆమె ఊళ్ళో లేకపోతే కిసాన్ కాల్ సెంటర్ ఉంది. 1800 180 1551, ఖర్చు లేదు, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడతారు. చేసేముందు ఒక కాగితం మీద పంట పేరు, విత్తనం రకం, ఎన్నో రోజు, ఆకుకు వచ్చిందా కాడకు వచ్చిందా, చేనంతా ఉందా ఒక మూలే ఉందా, ఇంతకుముందు ఏం కొట్టారు అన్నవి రాసి పెట్టుకోండి. వివరం ఎంత బాగా చెబితే జవాబు అంత బాగా వస్తుంది.

కృషి విజ్ఞాన కేంద్రం సంగతి వేరు. 1974లో పుదుచ్చేరిలో మొదటిది పెట్టినప్పటి నుంచీ వీటి పద్ధతి ఒకటే, రైతు తన చేత్తో చేసి నేర్చుకోవాలి. మీ జిల్లాకు రెడ్డిపల్లిలో ఉంది. శిక్షణకు మామూలుగా ఫీజు ఉండదు, పాసుపుస్తకం మీ పేరు మీద లేకపోయినా రావచ్చు. రాత్రి ఉండే ఏర్పాటు ఉందా, పిల్లల్ని తెచ్చుకోవచ్చా అన్నవి మాత్రం ముందే ఫోన్ చేసి అడగండి.

పక్క జిల్లాలో కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. మీ మామగారు వేసే విత్తనం పేరేమిటో ఒకసారి గమనించండి. మీ వైపు చాలామంది వేసేది కదిరి-6. ఇప్పుడు కదిరి లేపాక్షి కూడా బాగా పాకింది. ఆ పేర్లలో ఉన్న కదిరి ఈ పరిశోధన స్థానమే. అంటే చదువుకున్నవాళ్ళ పని మీ చేనులోకి ఎప్పుడో వచ్చేసింది, మామగారే తెచ్చారు. ఈ మాట వాదనగా కాకుండా, ఆయన మంచి మనసులో ఉన్న ఒక సాయంత్రం అడగండి. "మామా, ఈ కదిరి ఆరు మొదట మన ఊరికి ఎవరు తెచ్చినారు?" అంటే చాలు. ఆయన చెప్పే కథ వినండి. తానూ ఒకప్పుడు ఎవరి దగ్గరో నేర్చుకున్నానని ఆయనకు గుర్తొస్తుంది.

ఇంకో జ్ఞాపకం కూడా మీ వైపుదే. ఇరవై ఏళ్ళ కిందట అనంతపురంతో కలిపి 7 కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను కొలిచే పని ఒకటి నడిచింది. బడి ముఖం చూడనివాళ్ళు కూడా రోజూ వాన కొలిచారు. బోర్లలో నీటిమట్టం కొలిచి ఊరి గోడ మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అని లెక్క కట్టుకున్నారు. ఆ గోడ మీది అంకెలను చూసి వరి మానుకుని వేరే పంట వేసినవాళ్ళున్నారు. ఎవరూ వాళ్ళను మానమని ఆజ్ఞాపించలేదు.

వీడియోల గురించి అడిగారు. చూడండి, మానొద్దు. కాకపోతే ప్రతి వీడియోను మూడు ప్రశ్నలు అడగండి. ఈయన నేల నా నేల లాంటిదేనా? ఈయనకు నీళ్ళున్నాయా? చివర్లో ఏదైనా అమ్ముతున్నాడా? కృష్ణా డెల్టా నల్లరేగడిలో డ్రిప్పు కింద పండించినాయన చెప్పింది ఆయన చేనులో నిజమే అయ్యుంటుంది, మీ ఎర్రనేలలో కాకపోవచ్చు.

ఇప్పుడు కష్టమైన దానికి వస్తాను. మామ మాట కాదని పోవాలా అన్నారు.

పోతే ఏమవుతుందో చూద్దాం. ఐదు రోజుల్లో మీకు చాలా తెలుస్తుంది. ధైర్యం వస్తుంది, పది ఊళ్ళ ఆడవాళ్ళు పరిచయమవుతారు. ఆ పరిచయాలు శిక్షణ కన్నా ఎక్కువ కాలం పనికొస్తాయి. కానీ తిరిగొచ్చాక మీరు నేర్చుకున్నది ఎక్కడ చేస్తారు? చేను ఆయన మాట మీద నడుస్తున్నంతకాలం, కోపంలో ఉన్న మనిషి మీకు ఒక సాలు కూడా వదలరు. నోట్సు పుస్తకం అటక మీదకు పోతుంది. పైగా ఆ ఏడు ఏ చిన్న నష్టం వచ్చినా "సదువుకోనొచ్చింది కదా" అనే మాట మీరు మోయాలి. అయినా పోవాలనిపిస్తే పొండి, అది తప్పు కాదు. ఒంటరిగా మాత్రం వద్దు. సంఘంలో ఇంకో ఇద్దరితో కలిసి పొండి, ముందుగా అత్తగారికి చెప్పి పొండి. ఉత్తరం మొత్తంలో అత్తగారి మాట ఒక్కటి కూడా రాయలేదు మీరు. ఆమె ఏమనుకుంటున్నారో అడిగారా? ఐదు రోజులు పిల్లలకు అన్నం పెట్టి ఆవును చూసుకోవాల్సింది ఆమే.

పోకుండా ఉంటే ఇంట్లో శాంతి ఉంటుంది, అంగడి బాకీ కూడా ఉంటుంది. ఆ అమ్మాయి ఫోను, కాల్ సెంటరు, సంఘం మీటింగులతో కొంత నేర్చుకోవచ్చు. నెమ్మదిగా సాగుతుంది. చాలామంది ఆడవాళ్ళు ఇలాగే నేర్చుకున్నారు.

నాకు ఇంకో దారి కూడా కనిపిస్తోంది, నా మనసు దాని వైపే ఉంది. కృషి విజ్ఞాన కేంద్రాలు శిక్షణతోనే ఆగవు. రైతు చేనులోనే ప్రదర్శన క్షేత్రం పెడతాయి. కొత్త రకం విత్తనమో కొత్త పద్ధతో మామూలుగా ఎకరం చెక్కలో వేయించి, పక్కనే పాత పద్ధతి ఉంచి, కోతకు ముందు చుట్టుపక్కల రైతులను పిలిచి చూపిస్తారు. అవి అందరికీ రావు, అడగాలి. వ్యవసాయ సహాయకురాలితో కలిసి అడగండి, మామగారి పేరు మీదే అడగండి. చేను ఆయనది, చూడటానికి నలుగురు వచ్చేది ఆయన గట్టు మీదికి. నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషికి ఆ గౌరవం చిన్నది కాదు. పని మీరు చేస్తారు, లెక్క మీరు రాస్తారు. దీనికీ ఒక ధర ఉంది. మొదటి రెండేళ్ళు పేరు ఆయనకే పోతుంది. అది మీకు మింగుడు పడుతుందా లేదా మీరే చూసుకోవాలి. నాకైతే కొంచెం బాధగానే ఉంది, అయినా చెబుతున్నాను.

అది రాకపోతే, నేర్చుకున్నది చేసి చూడటానికి మామగారిని 25 సెంట్లు అడగండి. 3 ఎకరాల్లో అది పన్నెండో వంతు. "పోతే అంతే పోతుంది మామా" అనండి.

ఈలోగా ఎవరి అనుమతీ అక్కర్లేని పనులు రెండున్నాయి. ఇప్పుడు చేలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి మట్టి పరీక్షకు ఇదే అదను. గట్టు పక్కన, చెట్టు కింద, పేడ కుప్ప వేసిన చోట వదిలేసి, చేనంతా తిరుగుతూ ఎనిమిది పది చోట్ల పైచెత్త తీసేయండి. పారతో వి ఆకారంలో జానెడు లోపే, అంటే 15 సెంటీమీటర్ల గుంట తీయండి. గుంట గోడ నుంచి పైనుంచి కిందిదాకా పలచగా ఒక పొర చెక్కి గోనెపట్టా మీద వేయండి. అంతా కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. అర కిలో మిగిలేదాకా అలాగే చేసి, నీడన ఆరబెట్టి, సర్వే నంబరు, మామగారి పేరు చీటీ మీద రాసి సహాయకురాలికి ఇవ్వండి. మీ చేనుకు ఏ ఎరువు అక్కర్లేదో తెలిస్తే అంగడి చీటీలో ఒకటి రెండు పేర్లు తగ్గుతాయి.

రెండోది, పిల్లల పాత నోట్సు పుస్తకం ఒకటి తీసుకోండి. గోడలు నిలువుగా, అడుగు చదునుగా ఉన్న డబ్బా ఒకటి వాకిట్లో చెట్టూ చూరూ అడ్డం లేని చోట పెట్టండి. వాన పడ్డ మర్నాడు స్కేలు ముంచి ఎన్ని మిల్లీమీటర్లో రాయండి. ఆ రోజే చేనులో పలుగుతో గుచ్చి పదును ఎంత లోతుకు దిగిందో చూడండి. ఆరుద్రలో విత్తాలా, పునర్వసు దాకా ఆగాలా అన్నది మామగారు మట్టిని పిడికిట్లో పట్టి చెప్పేస్తారు. ఆయన ఏమన్నారో అదే పేజీలో రాయండి. ఏ కయ్యలో నీళ్ళు నిలుస్తాయో, ఏ మూల గరపనేలో ఆయనకు తెలిసినంత ఏ కేంద్రంలోనూ ఎవరికీ తెలియదు. తన మాటను కోడలు రాసుకుంటోందని చూసిన రోజు ఆయన ఎలా ఉంటారో నాకు రాయండి. ఖర్చు కూడా రాయండి. కూలి, విత్తనం, మందు, బాడుగ. మీ సొంత కూలి కూడా రోజుకింత అని వేయండి. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ లెక్కేసి ఉండరు.

ప్రకృతి వ్యవసాయం కార్యకర్తగా చేరే విషయంలో ఒక్క ఏడు ఆగమంటాను. ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. ఆవు ఉంది కాబట్టి 10 కిలోల పేడ, ఆవు పంచితం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, 200 లీటర్ల నీళ్ళతో జీవామృతం మీ వాకిట్లోనే తయారవుతుంది. వానల ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచడం మీలాంటి ఎర్రనేలకు మేలే చేస్తుంది. కానీ పని ఎక్కువ. మీ ఇంట్లో ఆ పని చేసే మనిషి మీరొక్కరే. మూడెకరాలూ ఒకేసారి మారిస్తే, తేడా వచ్చినప్పుడు తట్టుకునే బలం ఈ బాకీతో మీకు లేదు. ఆ 25 సెంట్లలో చేయండి. కార్యకర్తకు కొంత గౌరవవేతనం వస్తుంది గానీ, సాయంత్రాలు ఊరంతా తిరగాలి, పదిమంది అడిగినదానికి నిలబడి చెప్పాలి. సొంత చేనులో చూపించడానికి ఒక పంట ఉన్నాక చేరితే మాటకు బరువు ఉంటుంది. వీలైతే ఒకరోజు చెన్నేకొత్తపల్లి వైపు వెళ్ళి రండి. అక్కడ 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, దాని వెన్నుదన్నుతో 2008లో పుట్టిన ధరణి రైతుల సహకార సంఘం మీలాంటి మెట్ట రైతులతోనే పనిచేస్తున్నాయి. పండించడం మాత్రమే కాదు, అమ్ముకోవడం కూడా అక్కడ చూడొచ్చు.

బాకీ సంగతి. మామగారి పేరు మీద బ్యాంకులో పంట రుణం ఉందా, రెన్యువల్ అయిందా అడగండి. 3 లక్షల లోపు పంట రుణం సకాలంలో కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది. అంగడి వడ్డీ ఎంతో చీటీలో రాయరు, సీసా ధరలో కలిపేస్తారు. సంఘం నుంచి అప్పు తెచ్చి 46,000 ఒక్కసారిగా కట్టేయాలని మాత్రం అనుకోకండి. ఈ ముంగారు చెడితే ఆ భారం మీతోపాటు సంఘంలోని మిగతావాళ్ళ మీద కూడా పడుతుంది. విత్తనం వరకు బయట కొంటే చాలు ఈ ఏడు. ఏది కొన్నా బిల్లు అడగండి, బ్యాచ్ నంబరు ఉందో లేదో చూడండి. సీసా మీద చతురస్రంలో రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పోయినేడు మీ ఇంట్లో మూడుసార్లు కొట్టినవి ఏ రంగువో ఖాళీ సీసాలు మిగిలుంటే చూడండి. ఆ సీసాల్లో నీళ్ళు గానీ నూనె గానీ పోయనివ్వకండి.

బెంగళూరు గురించి. పోవడం ఓటమి కాదు, ఉండటం త్యాగమూ కాదు. మీ ఆయన పంపే డబ్బు ఉంటేనే మీరు 25 సెంట్లలో ప్రయోగం చేయగలుగుతారు. అది ఆయనకు చెప్పండి. "ఎదురు చెప్పొద్దు" అన్న మాట వెనక ఆయనకూ భయం ఉంది, దూరంగా ఉన్నాడు, ఇంట్లో గొడవైతే వచ్చి సర్దలేడు. రెండేళ్ళు అన్నారు కదా, ఆ రెండేళ్ళ లెక్కా మీ పుస్తకంలో ఉంటుంది. అప్పుడు పోవాలా ఉండాలా అన్నది అంకెలు ముందు పెట్టుకుని ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. అంగడి మీద కోపంతోనో మామ మీద కోపంతోనో మాత్రం ఈ ఏడే మూటలు కట్టకండి. పిల్లల బడి మధ్యలో పోతుంది, అక్కడి గది బాడుగ మొదటి నెల నుంచే కట్టాలి.

చివరగా, ఈసారి ఎక్కడైనా మొక్క వాడితే కొమ్మ తుంచకండి. పోయినేడు మామగారు కొసకొమ్మ ఒక్కటే తీసుకెళ్ళారు, దాన్ని చూసి ఎవరైనా చెప్పగలిగేది తక్కువ. వేరుతో, మన్నుతో సహా మొక్క మొత్తం పెరకండి. పక్కనే బాగున్న మొక్క కూడా ఒకటి తీసుకోండి. వేర్లకు తడిగుడ్డ చుట్టి రెంటినీ వేర్వేరు కవర్లలో పెట్టి, అదే రోజు రైతు సేవా కేంద్రానికి చేర్చండి. నేనే తీసుకుపోతానని మామగారు అంటే, ఆయన చేతికే ఇవ్వండి.